పాత తొమ్మిది

మంగళవారం పొద్దున ఆరింటికి థెల్మా కొత్త వంతెన పక్క మెట్లు దిగి, గొడుగు మూసి చంకలో పెట్టుకుని, నది ఎత్తు కొలిచే స్కేలు ముందు నిలబడింది. వాన మాత్రం పడుతూనే ఉంది. గొడుగు కింద నుంచి చూస్తే నీళ్ళు ఒక సెంటీమీటరు ఎక్కువ కనిపిస్తాయని ఆవిడ అంటుంది. అది నిజమో కాదో ఎవరికీ తెలియదు. ఇరవై రెండేళ్ళుగా కెర్విన్ నది ఎత్తు చూసి చెప్పేది ఆవిడే కాబట్టి ఊళ్ళో ఎవరూ వాదించరు.

నీళ్ళు ఒకచోట నిలబడవు. అల పైకి తాకుతుంది, కిందికి జారుతుంది. తొందర మనిషి పైది రాసుకుంటాడు, దిగులు మనిషి కూడా పైదే రాసుకుంటాడు. థెల్మా నిమిషం పాటు కదలకుండా చూసి, పై గీత, కింద గీత పెదాల మీద లెక్కపెట్టుకుని, నడిమిది తీసి పెన్సిలుతో పుస్తకంలో మీటర్లలో రాసింది. రెండు నలభై ఒకటి. అక్కడి నుంచే వాతావరణ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పింది. యంత్రాలున్న ఊళ్ళున్నాయి. కెర్విన్ బెండ్‌కి థెల్మా ఉంది.

తిరుగుదారి చార్లీ బుజేజా ఇంటి ముందు నుంచే. మూడేళ్ళ కిందటి వరదకి కూలిన పాత వంతెన మొండి స్తంభాలు ఆ ఇంటి పెరడు చివర ఇంకా ఉన్నాయి. కొత్త వంతెన ఆరువందల మీటర్లు దిగువన కట్టారు. స్కేలు కూడా దానితో పాటే దిగువకి వెళ్ళిపోయింది. చార్లీ తాత మాల్టా నుంచి చెరకు నరకడానికి వచ్చాడు. థెల్మా ముత్తాతని సముద్రం అవతలి దీవుల నుంచి పడవెక్కించి తెచ్చారు, అదీ చెరకు నరకడానికే. ఆ లెక్కన ఇద్దరూ ఒక పొలం మనుషులే.

"ఎంత?" అని అరిచాడు చార్లీ వరండాలోంచి, చేతిలో కాఫీ కప్పుతో.

"రెండు నలభై ఒకటి. తుఫాను ఇంకా సముద్రంలోనే ఉంది. నీ పంట్లాం మడత దించుకో."

"తడవకముందే మడిచినవాడు తెలివైనవాడే. రేపు పస్తీజ్జి చేస్తున్నా, ఆరు పట్టుకొస్తా."

"ఎనిమిది. కైలా కూడా ఉంది."

చార్లీ భార్య రీటా పోయి ఐదేళ్ళయింది. ఆవిడ చేసే పస్తీజ్జి, అంటే జున్ను కూరిన మాల్టా పఫ్‌లు, ఎలా చేయాలో చార్లీ ఆ దుఃఖంలోనే నేర్చుకున్నాడు. మొదట్లో రాళ్ళలా వచ్చేవి. ఇప్పుడు బుధవారం వస్తే థెల్మా మధ్యాహ్నం భోజనం తక్కువ తింటుంది.

ఇంటికొచ్చేసరికి కైలా టోస్టు నములుతూ ఫోన్ చూస్తోంది. థెల్మా తమ్ముడి కూతురు, మందుల షాపులో పని.

"ఆంటీ, మన నది మీద పందెం పెట్టారు, తెలుసా?"

"గుర్రాలు అయిపోయాయా వాళ్ళకి?"

"నవ్వులాట అనుకుంటున్నావా? చూడు. 'కెర్విన్ బెండ్ దగ్గర నది ఆదివారం మధ్యాహ్నం లోపు తొమ్మిది మీటర్లు తాకుతుందా?' తాకుతుంది అనుకుంటే 'అవును' కొనుక్కోవాలి, లేదనుకుంటే 'కాదు'. 'అవును' ఇప్పుడు పందొమ్మిది సెంట్లు."

"పందొమ్మిది సెంట్లకి ఏమొస్తుంది?"

"తాకితే డాలరు. తాకకపోతే సున్నా. పందొమ్మిది అంటే, వందలో పందొమ్మిది పాళ్ళు తాకొచ్చని అందరూ కలిసి అనుకుంటున్నట్టు. వాన ముదిరితే కొనేవాళ్ళు పెరుగుతారు, ధర పెరుగుతుంది. ఆదివారం దాకా ఆగక్కర్లేదు, మధ్యలో ఎప్పుడైనా ఆ పూట ధరకి అమ్మేసుకోవచ్చు."

"ఆ డాలరు ఎవడి జేబులోంచి వస్తుంది?"

"'కాదు' కొన్నవాడు మిగతా ఎనభై ఒక్క సెంట్లు పెడతాడు కదా. రెండూ కలిపి డాలరు. చివరికి ఎవడి మాట నిజమైతే వాడికి."

"అంటే ఒకడు మన ఊరు మునగాలని దణ్ణం పెడతాడు, ఇంకొకడు మునగకూడదని పెడతాడు. ఇద్దరూ మన ఊరెక్కడుందో ఎరగరు."

"భూకంపాల మీద కూడా ఉంటాయట. కార్చిచ్చుల మీద కూడా."

"మరి తాకిందో లేదో ఎవరు తేలుస్తారు?"

కైలా టోస్టు పళ్ళెంలో పెట్టి నవ్వింది. "కింద సన్న అక్షరాల్లో ఉంది. కెర్విన్ బెండ్ అధికారిక రీడింగు. అంటే నువ్వే."

థెల్మాకి ఒళ్ళు మండింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. ఇప్పుడు ఆ నిప్పు తన చేత్తోనే అందించాలన్నమాట.

బుధవారం పొద్దున నది మూడు తొంభై. మధ్యాహ్నానికి తుఫాను తీరం వైపు తిరిగిందని రేడియోలో చెప్పారు. థెల్మా తను పనిచేసే బడి వంటగదిలో గిన్నెలు సర్దుతుండగా ఫోన్ మోగింది. అవతలి గొంతు తేనెలో ముంచి తీసినట్టుంది.

"థెల్మా గారేనా? మీరు ఆఫీసుకి రీడింగు చెప్పే పది నిమిషాల ముందు నాకొక మెసేజ్ పెడితే చాలు. అంకె మార్చమని అడగట్లేదు. ఉన్నదే, కాస్త ముందు. ఐదు వేల డాలర్లు పంపిస్తాను."

"మీ ఊళ్ళో నది ఉందా బాబూ?"

"అంటే... లేదండి."

"అయితే బకెట్లో నీళ్ళు పోసుకుని, అందులో నీ మొహం చూసుకుని, దాని మీద కాసుకో పందెం."

ఫోన్ పెట్టేశాక సర్దిన గిన్నెల్నే మళ్ళీ సర్దింది. ఐదు వేల కోసం కాదు. తన నంబరు వాడికెలా దొరికిందన్నది ఒకటి, పొద్దున్నే వానలో ఒంటరిగా నిలబడి తీసే అంకెని ఎవడో ఎక్కడో చప్పరిస్తూ కూర్చున్నాడన్నది ఇంకొకటి.

సాయంత్రం ఆ సంగతి చెబితే కైలా జాలిపడుతుందనుకుంది. కైలా గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

"ఏమిటే?"

"ఏం లేదు."

"ఏం లేనిదానికి మొహం అలా పెట్టవు నువ్వు."

"చార్లీ కూడా కొన్నాడు ఆంటీ. 'అవును'. పది వేల వాటాలు కొన్నాడు, పందొమ్మిది సెంట్ల చొప్పున. నిన్న షాపుకొచ్చి ఖాతా తెరిచిపెట్టమంటే నేనే తెరిచిపెట్టాను. నీకు చెప్పొద్దన్నాడు."

థెల్మా స్టవ్ కట్టేసింది. ఊరు కానివాడు కాశాడంటే వాడికి బుద్ధి లేదనుకోవచ్చు. నది గట్టున పుట్టినవాడు, మూడేళ్ళ కిందట మోకాటి లోతు బురదలోంచి రీటా పెళ్ళి ఫొటో వెతికి తీసినవాడు, నది పొంగాలని కొనుక్కున్నాడా! అందులోనూ తనకి చెప్పకుండా! ఏది ఎక్కువ నొప్పి పెట్టిందో ఆవిడకే తెలియలేదు.

ఐదున్నరకి చార్లీ వచ్చాడు, పళ్ళెం మీద గుడ్డ కప్పుకుని. మెట్ల కింద నిలబడి, "థెల్మా, ఎనిమిదీ వేడిగా ఉన్నాయి," అన్నాడు. లోపల దీపం వెలుగుతూనే ఉంది. రేడియో మోగుతూనే ఉంది. తలుపు తెరుచుకోలేదు. కాసేపు నిలబడి, పళ్ళెం పై మెట్టు మీద పెట్టి, వానలో వెళ్ళిపోయాడు. కైలా వెళ్ళి తెచ్చింది. థెల్మా ముట్టలేదు.

గురువారం నది ఉరకడం మొదలుపెట్టింది. పొద్దున ఆరు పది, మధ్యాహ్నం ఏడు దాటింది. నీళ్ళు ఎర్రగా, మధ్యలో పీకిన చెరకు గడలతో, ఎవరిదో కోళ్ళగూడుతో పోతున్నాయి. ఇక గంట గంటకీ చూడాలి. కౌన్సిల్ కంట్రోల్ రూమ్ నుంచి బెక్ అనే అమ్మాయి వచ్చి వైర్‌లెస్ సెట్టు ఇచ్చి, ఎలా నొక్కాలో చూపించింది.

"ఫోన్లు పోతే దీంట్లో చెప్పు ఆంటీ. ఒక్కటి గుర్తుపెట్టుకో. నువ్వు తొమ్మిది అన్న నిమిషంలో కింద నదిమొగ దగ్గర ముసలాళ్ళ హోమ్‌కి బస్సులు కదులుతాయి. నలభై మంది. సగం మంది చక్రాల కుర్చీల్లోనే."

"కింద రోడ్డు మీద అప్పటికే నీళ్ళుంటాయిగా?"

"ఉంటాయి. అందుకే తొమ్మిది దాకా కదపం. ఆ నీళ్ళలోంచి తీసుకెళ్ళడం కూడా ప్రమాదమే."

థెల్మా తలూపి సెట్టు మెడలో వేసుకుంది.

తిరిగొస్తుంటే చార్లీ ఫ్రిజ్జు కింద ఇటుకలు దూరుస్తున్నాడు. వరండాలోకి వచ్చి, మామూలుగానే "ఎంత?" అని అరిచాడు.

"ఆఫీసు వాళ్ళు చెబుతారు, విను."

ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్నకి అలాంటి జవాబు ఎప్పుడూ రాలేదు. చార్లీ ఇటుక పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"కైలా చెప్పేసిందా?"

థెల్మా ఆగలేదు. వెనకనుంచి అతను ఏదో అన్నాడు. వాన చప్పుడులో వినపడలేదు, వినాలనీ అనిపించలేదు.

సాయంత్రం కైలా ఊరుకోలేదు. "నువ్వు అతన్ని పేకాట రాయుడిలా చూస్తున్నావు. ఇన్సూరెన్సు వాళ్ళు ఏడాదికి ఇరవై ఎనిమిది వేలు అడిగారు ఆంటీ. ఇల్లే అంత చేయదు. పోయినేడు మానేశాడు. ఇదొక్కటే దారి అనుకున్నాడు పాపం. ఇల్లు మునిగితే పది వేలొస్తాయి, వంటిల్లు మళ్ళీ వేయించుకోవచ్చు. మునగకపోతే పోయేది పందొమ్మిది వందలే, అది ఇన్సూరెన్సు కట్టాననుకుంటానన్నాడు."

థెల్మా కుర్చీలో కూలబడింది. అదా సంగతి. అవతలివాడు తమ నీళ్ళతో ఆడుకుంటున్నాడు. చార్లీ అదే ఆటలోంచి గొడుగు ఒకటి కుట్టుకోవాలనుకున్నాడు. సిగ్గేసింది ఆవిడకి.

"ఇప్పుడెంతుంది ధర?"

"డెబ్బై ఒకటి. ఈ పూట అమ్మినా ఏడువేల నూరు వస్తుంది. అతను అమ్మనన్నాడు. తొమ్మిదికి నీళ్ళు కచ్చితంగా తన గడప దాటుతాయట, మూడేళ్ళ కిందట కళ్ళారా చూశాడట, ఇల్లు మునిగితే డబ్బు గ్యారంటీ అన్నాడు."

"ఏ తొమ్మిది?" అంది థెల్మా.

"ఏ తొమ్మిది ఏమిటి? తొమ్మిది తొమ్మిదే కదా?"

కాదు. చార్లీ చూసిన తొమ్మిది పాత స్కేలు మీదిది, తన పెరట్లోది. అది వంతెనతో పాటే కొట్టుకుపోయింది. కొత్త స్కేలు దిగువన, మలుపు దాటాక ఉంది. అక్కడ నది వెడల్పు. అవే నీళ్ళు అక్కడ నలభై సెంటీమీటర్లు తక్కువ చూపిస్తాయి. ఆ సంగతి కాగితం మీద పంచారు, కౌన్సిల్ గోడకి అంటించారు. అయినా ఊళ్ళో ఎవరి నోట విన్నా పాత అంకెలే. మా అమ్మమ్మ కాలంలో తొమ్మిదిన్నర వచ్చింది, మిల్లు గేటుకి ఎనిమిదిన్నర, చార్లీ గడపకి తొమ్మిది. జనం వరదల్ని పిల్లల పుట్టినరోజుల్లా గుర్తుపెట్టుకుంటారు, ఎవరో స్కేలు జరిపారని మార్చుకోరు. ఎనిమిదిన్నర దాటగానే చార్లీ ఇల్లు మునుగుతుంది. నది అక్కడే ఆగితే పందెం మాత్రం 'కాదు' అని తేలుతుంది. ఇల్లూ పోతుంది, డబ్బూ పోతుంది.

చెప్పాలి. ఇప్పుడే లేచి వెళ్ళి చెప్పాలి. అమ్మేయమనాలి.

కాని బయట వాన దంచుతోంది. తలుపు మూసి పంపిన మనిషి ఇంటికి తానే నడిచి వెళ్ళి, ముందు నాది తప్పు అని మొదలుపెట్టాలి. నాకు చెప్పకుండా చేశాడు కదా అన్న ముల్లు ఇంకా లోపలే ఉంది. ఈ ఒక్క పూట నలగనీ, పొద్దున చెబుతాను, ఆదివారం ఇంకా దూరమే కదా అనుకుంది. అలక ఎప్పుడూ పెద్దదేమీ అడగదు, ఒక్క పూటే అడుగుతుంది.

శుక్రవారం పొద్దున కైలా ఫోన్ పట్టుకుని ఇల్లంతా తిరిగింది. సిగ్నల్ లేదు. కొండమీది టవర్ గాలికి పోయింది, ఇక అమ్మాలన్నా కుదరదు. ఊరికీ బయటికీ మధ్య మిగిలింది థెల్మా మెడలోని వైర్‌లెస్సే. అందులో అంకెలు తప్ప వేరే మాటకి వీల్లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు వెళ్ళింది చార్లీ ఇంటికి. అతను పరుపు ఒక్కడే దూలాల మీదికి ఎత్తబోతున్నాడు. థెల్మా రెండో కొస పట్టుకుంది.

"కోపం పోయిందా?" అన్నాడు చార్లీ.

"సరిగ్గా పట్టు, జారుతోంది."

"నీకు చెబితే తిడతావని చెప్పలేదు."

"తిట్టేదాన్నే."

"చూశావా!" అని నవ్వాడు. పరుపు ఎక్కింది. తర్వాత కుర్చీలు, తర్వాత రీటా కుట్టుమిషను. ఆ మిషను ఎత్తేటప్పుడు చార్లీ ఊపిరి బిగబట్టడం థెల్మా చూసింది. "ఈసారి నాకంత దిగులు లేదు థెల్మా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. "రానీ. గడప దాటిందంటే వంటింటికి పలకలు వచ్చినట్టే. పోయినసారి నీళ్ళొచ్చినప్పుడు ఏడ్చాను. ఈసారి కనీసం లెక్కపెట్టుకోవచ్చు."

నోటి చివరిదాకా వచ్చింది మాట. ఇప్పుడు చెబితే ఏం లాభం, ఉన్న ధైర్యం కూడా పోతుంది అనుకుంది. అది సగమే నిజం. మిగతా సగం, ఎప్పుడు తెలిసిందని అతనడిగితే ఏం చెప్పాలన్నది. స్టవ్ సిలిండరు విప్పి, వరండా పైకొక్కేనికి కట్టి, ఏడు గంటల రీడింగు వేళయిందని వెళ్ళిపోయింది.

శనివారం తెల్లారేసరికి వాన ఆగిపోయింది. ఆకాశం ఏమీ ఎరగనట్టు కడిగిన పళ్ళెంలా ఉంది. నది మాత్రం ఎగువ కొండల నీళ్ళు మోసుకుని పెరుగుతూనే ఉంది. ఆరింటికి థెల్మా వంతెన దాకా నడవగలిగింది, ఎనిమిది యాభై ఎనిమిది. ఎనిమిదింటికి దారి మునిగితే గట్టు మీద నుంచే చూసింది. తొమ్మిదింటికి అక్కణ్ణించి కూడా గీతలు కనిపించలేదు. ఏం చేయాలా అని నిలబడి ఉండగా చార్లీ రేకు పడవ తోసుకుంటూ వచ్చాడు, మోకాళ్ళ దాకా బురదతో.

"ఎక్కు. నీ స్కేలు దగ్గరికి ఎలా వెళ్తావో అనిపించి వచ్చాను."

"ఇల్లు?"

"ఆరు కొట్టింది, గడప దాటింది. సరిగ్గా ఆరు. ఇప్పుడు దాదాపు జానెడు లోతు." గొంతు బొంగురుగా ఉంది, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. "పాపం రీటా గచ్చు. పోనీలే. తొమ్మిది వచ్చేసింది కదా?"

థెల్మా పడవెక్కింది. పడవ వంతెన నీడలోకి వెళ్ళింది. చార్లీ ఇనుప స్తంభాన్ని రెండు చేతులతో కౌగిలించుకుని పడవని కదలకుండా పట్టుకున్నాడు. థెల్మా ముందుకి వంగి నిమిషం పాటు చూసింది. పైన డెబ్బై ఏడు, కింద డెబ్బై ఒకటి. అల సన్నబడింది. నీళ్ళు పెరగడం ఆగినట్టే ఉంది.

చార్లీ కూడా చూశాడు. ఒకసారి స్కేలు వైపు, ఒకసారి ఎగువన తన ఇంటి కప్పు వైపు.

"ఇదేమిటి? ఎనిమిదని ఉందేంటి?"

"కొత్త స్కేలు చార్లీ. మలుపు దిగువన ఉంది. నీ పెరట్లో తొమ్మిదైతే ఇక్కడ ఎనిమిదిన్నర దాటి ఉంటుంది. నువ్వు చూసింది పాత తొమ్మిది."

అతను మళ్ళీ తన ఇంటి కప్పు వైపు చూశాడు. స్తంభం చుట్టూ ఉన్న చేతులు మాత్రం వదల్లేదు.

"కెర్విన్ బెండ్," అంది వైర్‌లెస్‌లో బెక్ గొంతు. "తొమ్మిది గంటల రీడింగు. చెప్పు ఆంటీ."

థెల్మా మీట నొక్కింది. ఆ అరనిమిషంలో ఆవిడ బుర్రలో నది లేదు. దూలాల మీద పరుపు ఉంది, రీటా కుట్టుమిషను ఉంది, గురువారం రాత్రి చెప్పడానికి వెళ్ళకుండా తను మూసుకుని కూర్చున్న తలుపు ఉంది. ఇరవై ఆరు సెంటీమీటర్లు. జానెడు పైన ఇంకొంచెం. నీళ్ళు రేపటికి దిగిపోతాయి, బురద గుర్తులు ఎవరు కొలుస్తారు? అవతల ఓడేది ఆ ఫోన్ చేసిన బకెట్‌గాడి లాంటివాడే. వాడి మీద ఆవిడకి జాలేమీ లేదు.

"తొమ్మిది," అంది.

"వినపడలేదు ఆంటీ, గరగరమంటోంది. తొమ్మిదా? తొమ్మిది అన్నావా?"

"ఎనిమిది డెబ్బై నాలుగు!" అని అరిచాడు చార్లీ. స్తంభం వదిలేసి, పడవ గిర్రున తిరుగుతుంటే వంగి, థెల్మా చేతిని వైర్‌లెస్‌తో సహా తన నోటి దగ్గరికి లాక్కున్నాడు. "ఎనిమిది డెబ్బై నాలుగు. ఎనిమిది. చెప్పు థెల్మా, నీ గొంతుతో చెప్పు, నా మాట వాళ్ళు రాసుకోరు."

"ఎనిమిది డెబ్బై నాలుగు," అంది థెల్మా. "నిలకడగా ఉంది."

"ఎనిమిది డెబ్బై నాలుగు, నిలకడ. హమ్మయ్య. బస్సులు ఆపుతున్నాం."

పడవ స్తంభానికి కొట్టుకుని ఆగింది. చార్లీ రొప్పుతున్నాడు.

"మతి పోయిందా నీకు? తొమ్మిదంటే బస్సులు కదులుతాయని ఊరందరికీ తెలుసు. ఆ రోడ్డు మీద నీళ్ళలో ముసలాళ్ళని బస్సెక్కించేవాళ్ళు. నా కుక్కని తన్నిన ఫ్రాంకో కూడా ఉన్నాడక్కడ. అయినా సరే, వాడు మంచంలో పోవాలి గాని నా వంటింటి పలకల కోసం పోకూడదు."

ఇక దాచడం చేతకాలేదు. "నాకు గురువారమే తెలుసు," అంది థెల్మా. "నువ్వు పాత తొమ్మిది అనుకుంటున్నావని. టవర్ పోకముందే తెలుసు."

చార్లీ నీళ్ళకేసి చూశాడు. "గురువారం ఎంతుంది ధర?"

"డెబ్బై ఒకటి."

"ఎందుకు చెప్పలేదు?"

"అలిగాను."

అంతకన్నా చిన్న మాట ఇంకొకటి ఉంటే బాగుండేదనిపించింది ఆవిడకి. చార్లీ తెడ్డు అందుకున్నాడు. గట్టు దగ్గర ఆవిడ దిగేటప్పుడు చెయ్యి అందించాడు, ఆవిడ జారకుండా చూశాడు, పడవ తిప్పుకుని వెళ్ళిపోయాడు. పది గంటల రీడింగుకి సహాయ దళం కుర్రాళ్ళు తీసుకెళ్ళారు. చార్లీ రాలేదు. ఆదివారం మధ్యాహ్నం కౌన్సిల్ హాల్లో కైలాకి సిగ్నల్ దొరికేసరికి పందెం తేలిపోయి ఉంది. కాదు. కింద ఇంకో ప్రశ్న అప్పుడే మొదలైంది, వేరే నది మీద.

సోమవారం పొద్దున థెల్మా గమ్ బూట్లు వేసుకుని, చీపురూ పారా పట్టుకుని చార్లీ ఇంటికి వెళ్ళింది. పొమ్మంటే పోదామనే వెళ్ళింది. చార్లీ పొమ్మనలేదు, రమ్మనలేదు. వంటింట్లో గచ్చు మీద బురద చాకొలెట్ రంగులో చదునుగా పరుచుకుని ఉంది. ఆరిపోతే రాయవుతుంది, తడి ఉండగానే తోయాలి. ఇద్దరూ చెరో మూల నుంచి మొదలుపెట్టారు. అతను తోస్తాడు, ఆవిడ పారతో బండిలో ఎత్తిపోస్తుంది. గోడ అట్టలు ఉబ్బి వేలితో నొక్కితే లోపలికి పోతున్నాయి. అన్నీ పీకాలి. పది వేలు కాదు, ఏడు వేలొచ్చినా వాటికి సరిపోయేది. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు.

గంటన్నర తర్వాత చార్లీ నడుం పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు.

"నీ పుస్తకం ఉందా?"

చొక్కా జేబులోంచి తీసింది.

"శనివారం ఆరింటికి ఎంత రాశావు?"

"ఎనిమిది యాభై ఎనిమిది."

"నాన్న చచ్చేదాకా తొమ్మిది అనేవాడు. నేనూ తొమ్మిది అంటూనే ఉన్నాను. వచ్చి అడిగి ఉంటే నువ్వు చెప్పేదానివి. నేనూ అడగలేదుగా." చెయ్యి చాచాడు. పెన్సిలు ఇచ్చింది. గుమ్మం చట్రం కింద, గడపని ఆనుకుని గీత గీసి, ఆ అంకె వేశాడు. తర్వాత లేచి నిలబడి వీధి వైపు చూశాడు. ఎదురింటి ముందు కార్పెట్లు కుప్పపోసి ఉన్నాయి. మిల్లు వీధిలో ఎవరో పంపు పెట్టి బురద కడుగుతున్నారు. "వాళ్ళందరివీ పాత అంకెలేనా?"

"అందరివీ."

"నీళ్ళు ఎవరి గడప ఎప్పుడు దాటాయో ఎవరూ మర్చిపోరు. ఏ గంటకో వాళ్ళు చెబుతారు, ఆ గంట అంకె నీ దగ్గరుంది. పద, మరకలు కడిగేసేలోపు తిరిగొద్దాం."

థెల్మా కదల్లేదు. "ఇకనుంచి ఎనిమిది దాటగానే, ఆఫీసుకి చెప్పాక రెండో ఫోన్ నీకే చేస్తాను," అంది.

"అలిగినా?"

"అలిగినా."

"అలిగినప్పుడే చెయ్యి," అన్నాడు చార్లీ. "నవ్వుతూ చెబితే నన్ను ఆటపట్టిస్తున్నావనుకుంటాను. నువ్వు తిడుతూ చెప్పావనుకో, చెప్పులు కూడా వేసుకోకుండా ఫ్రిజ్జు ఎత్తేస్తాను."

థెల్మాకి ఏడుపొచ్చింది. శనివారం నుంచీ ఆపుకున్నదంతా వచ్చింది, బురద చేతులతో మొహం తుడుచుకోవడం కూడా కుదర్లేదు. చార్లీ మొహం తిప్పుకోలేదు. తన చొక్కా అంచు శుభ్రంగా ఉన్నచోట వెతికి అందించాడు. ఆ తర్వాత ఇద్దరూ పెన్సిలూ పుస్తకమూ పట్టుకుని ఎదురింటి మెట్లెక్కారు.